మంచం దగ్గరికి మళ్ళీ రావడం

(అమలాపురంలో నర్సులు, నర్సింగ్ విద్యార్థుల సభలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుప్రతి)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటు చేశారో ఆవిడ తన పేరు బోర్డుల మీద గానీ పత్రికల్లో గానీ వేయడానికి బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. ఆ మాట ఇప్పుడూ నిలబెట్టమని ఇంట్లోవాళ్ళు కోరారు. అందుకని ఆవిడను ఊరు పిలిచినట్టే సిస్టరమ్మగారు అంటాను. పొగడ్తలు ఆవిడకు గిట్టేవి కావు. ఆవిడ చేసిన పని గురించి మాత్రం మాట్లాడతాను.

వార్డులో నొప్పికి ఇంజక్షన్ ఏ సిస్టరైనా చేస్తుంది. సిస్టరమ్మగారు ఇంజక్షన్ చేసి వెళ్ళి, అరగంట పోయాక మళ్ళీ ఆ మంచం దగ్గరికే వచ్చేవారు. "ఇప్పుడెలా ఉంది నాయనా? ఏమాత్రం తగ్గింది?" అని అడిగేవారు. తగ్గలేదంటే ఇంకో ఇంజక్షన్ కోసం పరిగెత్తేవారు కాదు. సిమెంటు కట్టు బిగుసుకుపోయిందేమోనని వేళ్ళ చివర్లు నొక్కి చూసేవారు. మూత్రం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బిందేమోనని చెయ్యి వేసి చూసేవారు. కారణం దొరికేదాకా అక్కడి నుంచి కదిలేవారు కాదు. నర్సింగ్ ప్రాసెస్ అని మనం పాఠం చెప్పేదాని ప్రాణమంతా ఆ రెండోసారి రావడంలోనే ఉందని నా నమ్మకం. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే.

నర్సింగ్ ప్రాసెస్ అనగానే మొదటి సంవత్సరం పిల్లలు కూడా ఒక్క గుక్కలో అప్పజెబుతారు: అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్. మంచం దగ్గర నిలబడినప్పుడు ఇవి ప్రశ్నలవుతాయి. ఈ మనిషికి ఏమవుతోంది? అందులో నేను పట్టించుకోవలసింది ఏది? ఎప్పటికల్లా ఏ మార్పు రావాలి? అందుకు ఈ షిఫ్టులో నేనేం చెయ్యాలి? చేశాక ఆ మార్పు వచ్చిందా? రాలేదంటే మళ్ళీ మొదటి ప్రశ్నకే వెళ్ళాలి.

ఈ పేరుతో ఈ పద్ధతి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నర్సింగ్ అంటే విడివిడి పనుల మూట కాదని, ఒకదాని వెంట ఒకటి నడిచే క్రమమని 1955లో అమెరికాలో లిడియా హాల్ చెప్పింది. 1967లో హెలెన్ యూరా, మేరీ వాల్ష్ దాన్ని నాలుగు దశలుగా పుస్తకం చేశారు. 1973లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ తన ప్రమాణాల్లో నర్సు చేసే నిర్ధారణకు వేరే చోటిచ్చింది. దాంతో ఐదయ్యాయి. ఆ చరిత్రంతా మీ పుస్తకాల్లో ఉంది కాబట్టి ఎక్కువసేపు ఆగను. అయితే ఇంకొక్క మనిషి దగ్గర మాత్రం ఆగాలి. ఆవిడ పేరు ఐడా జీన్ ఓర్లాండో.

1961లో అచ్చయిన తన పుస్తకంలో ఓర్లాండో చెప్పిందేమిటంటే, నర్సు రోగిని చూస్తుంది, చూసినదాన్ని బట్టి మనసులో ఏదో అనుకుంటుంది, అలా అనుకున్నది నిజమో కాదో రోగినే అడిగి తేల్చుకోవాలి. తేల్చుకోకుండా చేసే పని ఎంత మంచి ఉద్దేశంతో చేసినా గురి తప్పవచ్చు. విన్నప్పుడు చిన్న మాటలాగే ఉంటుంది. వార్డులో దాని విలువ తెలుస్తుంది.

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఒక పెద్దాయన నీళ్ళు తాగడం మానేశారు. నాలుక ఎండిపోయింది, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తోంది. ఛార్టులో "నోటితో తక్కువ తీసుకుంటున్నారు" అని రాశారు. దాహం లేదేమో, వికారమేమో, వయసేమో అని తలా ఒక మాట అన్నారు. సెలైన్ పెట్టారు. సాయంత్రం డ్యూటీకి వచ్చిన అమ్మాయి మంచం పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది: "బాబాయ్‌గారూ, నీళ్ళు తాగబుద్ధి కావట్లేదా, తాగకూడదని అనుకుంటున్నారా?" ఆయన కాసేపు పైకప్పు వైపు చూసి, "తాగితే మళ్ళీ మా కోడల్ని లేపాలి కదమ్మా" అన్నారు. పగలూ రాత్రీ దగ్గరున్నది కోడలు. ఆవిడ చేత యూరినల్ పెట్టించుకోవడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. ఆ అమ్మాయి మేల్ అటెండరును పిలిచి మూడు గంటలకోసారి వచ్చి వెళ్ళే ఏర్పాటు చేసింది, యూరినల్ ఆయన చేతికి అందేచోట పెట్టించింది, తెర లాగింది. రాత్రి తిరిగేసరికి ఆయన నీళ్ళు తాగుతున్నారు. అంతకుముందు రాసిన సెలైన్ తప్పని నేననను. కానీ ఆయన కష్టానికి మందు సెలైన్ సీసాలో లేదు.

ఈ చూపు మనకు అమెరికా నుంచి వచ్చింది అనుకోనక్కర్లేదు. అంతకు వందేళ్ళ ముందే, 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే రాసింది. ఆవిడ పేరు చెబితే అందరికీ దీపం గుర్తొస్తుంది. నాకు గోదావరి గుర్తొస్తుంది. ఎందుకో చెబుతాను.

నైటింగేల్ ఎన్నడూ ఇండియాలో అడుగు పెట్టలేదు. అయినా జీవితంలో ఎన్నో ఏళ్ళు మన దేశపు ఆరోగ్యం గురించి పనిచేసింది. ఇండియాలో సైన్యం ఆరోగ్య పరిస్థితుల మీద 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక వెనక ఆవిడ శ్రమ ఉంది. ఆ పని చేస్తూ చేస్తూ సైనికుల బారకాసుల దగ్గర ఆగకుండా రైతుల కరువు దగ్గరికి, కరువు నుంచి సాగునీటి దగ్గరికి వచ్చింది. అక్కడ ఆవిడకు కనిపించినవాడు మన సర్ ఆర్థర్ కాటన్. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, మన కోనసీమకు కాలవలు పారించిన దొర. ఆ ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. కాటన్ వాదించిన సాగునీటి విధానాన్ని ఆవిడ ఇంగ్లండులో గట్టిగా సమర్థించింది. నీళ్ళు తేవడంతో సరిపోదు, నిలిచిన నీళ్ళు పోయే దారి కూడా చూడాలి, లేకపోతే జ్వరాలు తప్పవని కూడా వాదించింది. ఒక నర్సు మంచం దగ్గర మొదలుపెట్టి కాలవ దాకా వెళ్ళింది. రోగికి ఏమవుతోంది అన్న ప్రశ్నను నిజాయితీగా అడిగితే అది ఎంత దూరమైనా తీసుకెళుతుంది.

మన ఊళ్ళలో కాటన్ విగ్రహాలకు దండలు వేస్తాం. వేయాలి కూడా. అయితే మురుగు గురించి నైటింగేల్ చెప్పిన మాట మనం సగమే విన్నాం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ళు ఏకరువు పెట్టిన కష్టాల్లో మురుగుకాలవలు కూడా ఉన్నాయి. మురుగు కదలకుండా నిలిచినచోట క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. ఆ దోమ మోసుకొచ్చేది బోదకాలు.

బోదకాలు మన గోదావరి జిల్లాల పాత జబ్బు. రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలి చివర సూది గుచ్చి రక్తం తీసుకెళ్ళే ఆరోగ్య సిబ్బందిని మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఈ జబ్బు సూక్ష్మక్రిములు రాత్రివేళే రక్తంలో తిరుగుతాయి కాబట్టి అప్పుడే తీయాలి. డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు ఊరంతటికీ మింగించే కార్యక్రమం కూడా మీకు తెలుసు. ఆ మాత్రలు జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపుతాయి. కానీ అప్పటికే కాలు వాచిపోయిన మనిషి సంగతి? ఆ కాలును మాత్ర తగ్గించలేదు. అక్కడ చెయ్యవలసిందంతా నర్సు పనే.

కమ్యూనిటీ పోస్టింగులో కాలవగట్టు మీద ఒక ఇంటికి మా విద్యార్థినులు వెళ్ళారు. మామ్మగారికి కుడికాలు మోకాలి దాకా వాపు. ఏడాదిలో ఎన్నోసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రగా మండిపోయి వారం రోజులు మంచాన పడుతున్నారు. పిల్లలు పుస్తకం ప్రకారం చెప్పారు: "రోజూ సబ్బుతో కాలు శుభ్రంగా కడుక్కోవాలి మామ్మగారూ." ఆవిడకు కోపం వచ్చింది. "రెండు పూటలా రేవులో కడుక్కుంటన్నానమ్మా. నేనేమన్నా మురికిదాన్నా?" అన్నారు.

అసెస్‌మెంట్ అసలు అక్కడ మొదలవ్వాలి. మేం కాలు చూశాం. వేళ్ళు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, చీలి, వాసన వస్తోంది. ఆవిడ కడుగుతున్న మాట నిజం. తుడవడం లేదు. ఎందుకు తుడవడం లేదు? వంగితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఆ వాపుతో కాలు మడిచి దగ్గరికి తెచ్చుకోలేరు, చెయ్యి వేళ్ళ దాకా అందదు. ఆ తడి చీలికలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతోంది. వాచిన కాల్లో నాళాలు దాన్ని కడిగి పంపలేవు. జ్వరం అక్కడి నుంచి వస్తోంది. ఒక్కో జ్వరానికీ కాలు ఇంకొంచెం పెరుగుతోంది.

డాక్టరుగారి కాగితం మీద జబ్బు పేరు ఫైలేరియా. అది సరైనదే. మా పిల్ల రాసిన నర్సింగ్ డయాగ్నసిస్ ఇదీ: వంగి పాదం అందుకోలేకపోవడం వల్ల వేళ్ళ మధ్య తడి నిలిచి చర్మం చీలింది, అందువల్ల మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం. ఈ రెండోది లేకపోతే మొదటిది తెలిసీ మామ్మగారికి ఒరిగేది లేదు. ఇందులో సమస్య ఉంది, దాని కారణం ఉంది, దాన్ని చూపించే గుర్తు ఉంది. కారణం రాసి ఉంది కాబట్టే ఏం చెయ్యాలో వెంటనే తోచింది. మా పిల్లల రికార్డుల్లో సగం చోట్ల కారణం దగ్గర ఖాళీ ఉంటుంది, లేదా జబ్బు పేరే మళ్ళీ రాసి ఉంటుంది. అలా రాస్తే తర్వాత చేసేదేదీ కుదరదు.

ప్లాను ఆ ఇంట్లో ఉన్న వస్తువులతోనే వేశాం. రేవులో కాకుండా పెరట్లో ఎత్తు పీట మీద కూర్చుని, కాలు ఇంకో పీట మీద చాపి, బోరు నీళ్ళు, మామూలు సబ్బుతో కడగాలి. సాయంత్రం బడి నుంచి వచ్చాక మనవరాలు వేళ్ళ మధ్య మెత్తటి పాతచీర ముక్కతో అద్ది ఆరబెట్టాలి. డాక్టరుగారు రాసిన పూత మందు ఆరాకే వేయాలి. రాత్రి పాదం కింద రెండు దిండ్లు. కూర్చున్నప్పుడు మడమ పైకీ కిందకీ ఆడించడం. నెల తర్వాత మేం వచ్చేసరికి ఆ చీలిక మూసుకుపోయి ఉండాలి, చర్మం పొడిగా ఉండాలి. ఇదీ అనుకున్న లక్ష్యం.

నెల తిరిగాక వెళ్ళి చూస్తే అన్ని వేళ్ళ మధ్యా పొడిగానే ఉంది, ఆ మూడో వేలు పక్కన తప్ప. మనవరాలిని చేసి చూపించమన్నాం. గుడ్డ మందంగా ఉంది, ఆ సందులోకి దూరడం లేదు. పిల్ల పైపైన అద్ది వదిలేస్తోంది, పాపం దానికి అంతకన్నా తెలియదు. మా విద్యార్థిని ఆ గుడ్డనే సన్నగా చింపి, వత్తిలా నలిపి, సందులోంచి లాగి చూపించింది. ఆ తర్వాతి నెలకు చీలిక మానింది. మళ్ళీ వెళ్ళకపోయి ఉంటే "హెల్త్ ఎడ్యుకేషన్ ఇచ్చాం" అని రికార్డులో ఉండేది, మామ్మగారికి జ్వరం వస్తూనే ఉండేది.

ఇంకో మంచం దగ్గరికి రండి. కోనసీమలో నర్సు పని చేస్తూ కొబ్బరి చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుణ్ణి చూడనివాళ్ళు ఉండరు. వెన్ను విరిగితే నడుం కింది భాగం చచ్చుబడిపోతుంది. ఈ సందర్భంలో ఊళ్ళవాళ్ళందరికీ ఒక మాట: చెట్టు మీంచి పడినవాణ్ణి లేపి నిలబెట్టకండి, చంకల కింద చేతులు వేసి ఆటోలో కూర్చోబెట్టకండి. నలుగురూ కలిసి మెడ, నడుం వంగకుండా తలుపు చెక్క లాంటి దాని మీదికి చేర్చి, పడుకోబెట్టే తీసుకురండి. పడినప్పుడు మిగిలిన నరం మోసుకొచ్చేటప్పుడు తెగిపోవచ్చు.

అతనికి కాకినాడలో ఆపరేషన్ అవుతుంది. ఎముక సంగతి డాక్టర్లు చూస్తారు. ఆ తర్వాత నెలలపాటు అతని ప్రాణం నడుం కింద, మడమల దగ్గర ఉండే చర్మం మీద ఆధారపడి ఉంటుంది. స్పర్శ లేదు కాబట్టి ఒత్తిడి పడుతున్నా అతనికి తెలియదు. మనం తెలుసుకోవాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ రంగొస్తే రక్తం ఆడుతోంది. నొక్కినా ఆ ఎరుపు అలాగే ఉంటే బెడ్‌సోర్ మొదలైనట్టే, పైన చర్మం చెక్కుచెదరకుండా కనిపించినా సరే. ఇక్కడ మన పిల్లలకు నేను ప్రత్యేకంగా చెప్పేదొకటుంది. పుస్తకాల్లో బొమ్మలు తెల్లవాళ్ళ చర్మానివి. ఎండలో పనిచేసి నల్లబడ్డ మన మనిషి ఒంటి మీద ఎరుపు కనిపించదు. అక్కడ చేత్తో చూడాలి. చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిగా లేక మెత్తగా తగులుతోందా, రంగు ముదిరిందా అని. కంటితో చూసి "చర్మం బాగుంది" అని రాసినచోట వారం తిరక్కుండా పుండు పడ్డం నేను చూశాను.

బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ తయారుచేసి 1987లో ప్రచురించిన బ్రేడెన్ స్కేలు మీ అందరికీ తెలుసు. స్పర్శ, తేమ, లేచి తిరగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి, ఈ ఆరింటికీ మార్కులు వేసి కూడితే ఆరు నుంచి ఇరవై మూడు మధ్య ఒక అంకె వస్తుంది. ఎంత తక్కువైతే అంత ప్రమాదం. పద్దెనిమిదికి దిగితే జాగ్రత్త పడాలి. ఇది వేయడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. వేసి ఊరుకుంటే లాభం లేదు. తేమ దగ్గర మార్కు తగ్గితే పక్క ఎందుకు తడుస్తోందో చూడాలి, తిండి దగ్గర తగ్గితే గుడ్డు, చేప, పప్పు పెట్టించాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చిన టైము, ఏ వైపుకు మార్చారో గోడ మీది కాగితంలో రాయాలి. మా రోజుల్లో వీపుకు స్పిరిట్ రాసి, పౌడరు వేసి గట్టిగా రుద్దమని నేర్పారు. ఎర్రబడ్డ చోట రుద్దితే కింది కండ ఇంకా దెబ్బతింటుందని తర్వాత తేలింది. గాలి రింగు కింద పెట్టడం కూడా మంచిది కాదని తేలింది. ఇళ్ళలో ఇప్పటికీ రెండూ చేస్తున్నారు. డిశ్చార్జి రోజున మనం చెప్పకపోతే వాళ్ళకెవరు చెబుతారు?

అదే మనిషి రాత్రిళ్ళు నిద్రపోడు. నొప్పి అని మాత్ర ఇస్తాం. అడిగి చూడండి. "ఇంక చెట్టెక్కలేను కదండీ, పిల్లల్ని ఏం పెట్టి పెంచాలండీ" అంటాడు. ఇది కూడా అసెస్‌మెంటే. దీనికి మన దగ్గర మందు లేదు. దీన్ని సోషల్ వర్కర్‌కు, పింఛను కాగితాలకు, భార్య చేయగల పనికి ముడిపెట్టడం మన చేతిలో ఉంది.

ప్లానింగులో లక్ష్యాన్ని అంకెతో, టైముతో పెట్టమని ఎందుకు సతాయిస్తామో ఒక్క ఉదాహరణతో చెబుతాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. ఆ ఉదయం కాలిన శరీరాలతో జనం ఆసుపత్రులకు చేరిన తీరు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. ఒళ్ళు కాలిన మనిషికి మొదటి రోజు ప్రాణం నిలబెట్టేది ద్రవాలు. ఎంత ఎక్కించాలో మొదట లెక్క కట్టేది డాక్టరు. ఆ లెక్క ఈ మనిషికి సరిపోతోందా లేదా చెప్పేది గంటగంటకూ నర్సు కొలిచే మూత్రం. పెద్దవాళ్ళలో కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి ముప్పై మిల్లీలీటర్లు. ఇరవైకి పడిపోతే వెంటనే చెప్పాలి. "మూత్రం సరిగా వస్తోంది" అని రాస్తే దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. అంకె రాస్తే ఆ సెలైన్ వేగం మారుతుంది.

పాముకాటు సంగతీ అంతే. కోతల రోజుల్లో, వరదకు లంకలు మునిగినప్పుడు మనకు ఈ కేసులు తప్పవు. రక్తపింజరి కాటేసిందన్న అనుమానం ఉంటే రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒంచి చూస్తాం. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తోంది. సబ్బుతో కడిగిన ట్యూబు వాడితే ఫలితం తప్పుతుంది, కొత్తది వాడాలి. విషం విరుగుడు ఎక్కించాక అయిపోయిందనుకోకూడదు. ఆరు గంటలకు మళ్ళీ అదే పరీక్ష. ఈలోగా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం వస్తున్నాయేమో పక్కనే ఉండి చూడాలి. నాగుపాము, కట్లపాము అయితే కనురెప్పలు వాలుతున్నాయా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలుగుతున్నాడు అని మాటిమాటికీ చూడాలి. ఇందాక ఇరవై వరకు లెక్కపెట్టినవాడు ఇప్పుడు పన్నెండు దగ్గర ఆగిపోయాడంటే డాక్టరును పిలవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇంత స్పష్టమైన పద్ధతి మన వార్డుల్లో ఎందుకు కనిపించదు? కేర్ ప్లాన్ అనేది పిల్లలు మార్కుల కోసం రాసే రికార్డు పుస్తకంగా మిగిలిపోయింది. సీనియర్ల పుస్తకం చూసి దించేస్తారు. ప్రతి రోగికీ "రిస్క్ ఫర్ ఇన్‌ఫెక్షన్" అని రాసి ఉంటుంది. పుస్తకం కాలేజీలో ఉంటుంది, రోగి వార్డులో ఉంటాడు, రెండూ ఎక్కడా కలుసుకోవు. ఉద్యోగంలో చేరాక నోట్సులో రోజూ ఒకటే వాక్యం: "జనరల్ కండిషన్ ఫెయిర్, మందులు ఇచ్చాం." ఆ వాక్యంలో ఏ రోగి పేరు పెట్టినా సరిపోతుంది. అందుకే అది ఎవరికీ పనికిరాదు.

దీనికి నర్సులనే తప్పుపట్టడం అన్యాయం. 1946లో భోర్ కమిటీ లెక్క తీసినప్పుడు దేశంలో నలభై మూడు వేల మందికి ఒక్క నర్సు ఉండేది. అక్కడి నుంచి చాలా దూరం వచ్చాం. గుంటూరులో అన్నా కుగ్లర్ లాంటి మిషనరీ డాక్టర్లు ఆసుపత్రులు పెట్టిన రోజుల్లో తెలుగు ఇళ్ళు ఆడపిల్లను నర్సు పనికి పంపడానికి జంకేవి. ఈ రోజు అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మన అమ్మాయిలు గల్ఫ్ దాకా వెళ్ళి పనిచేస్తున్నారు. అయినా బోధనాసుపత్రి వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మిగతాచోట్ల ఐదుగురికి ఒక నర్సు అన్న నర్సింగ్ కౌన్సిల్ లెక్క కాగితం మీదే ఉంది. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరు వార్డంతా చూసుకుంటూ, ఇండెంట్లు రాస్తూ, ఆన్‌లైన్ ఎంట్రీలు చేస్తూ ఉంటే మంచం దగ్గరికి రెండోసారి ఎప్పుడు వస్తుంది? నర్సును గుమాస్తా పని నుంచి విడిపించకుండా నర్సింగ్ ప్రాసెస్ గురించి ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా దండగ. ఈ మాట ఆసుపత్రులు నడిపే పెద్దలకు చెబుతున్నాను.

మన ప్రాంతానికి ఇంకో అవసరం ఉంది. ఎదుర్లంక వారధి రాకముందు కాకినాడ వెళ్ళాలంటే రేవు దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. ఇప్పుడు అంబులెన్సు తొందరగా చేరుతోంది. "కాకినాడ రాసేశారు" అనగానే బయలుదేరతారు. రోగితో డాక్టరుగారి ఉత్తరం వెళుతుంది. మనం చూసినదేదీ వెళ్ళదు. చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, ఏ వైపు పడుకోబెట్టాం, ఏ మందుకు దద్దుర్లు వచ్చాయి, నడుం దగ్గర చర్మం ఎలా ఉంది, మనిషి దేనికి భయపడుతున్నాడు, ఇవి ఐదారు లైన్లు. ఆ కాగితం లేక అవతలి వార్డు సిస్టరు మొదటి నుంచి మొదలుపెడుతుంది, ఈలోగా గంటలు పోతాయి. రిఫరల్ ఉత్తరానికి నర్సు రాసిన ఒక పేజీ జత చేయాలని కోనసీమ జిల్లా ఆసుపత్రులన్నీ నిర్ణయించుకోవచ్చు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జి.ఓ. కూడా అక్కర్లేదు.

రోగుల బంధువులకు నా విన్నపం. సిస్టరు వచ్చి "మొన్న ఎప్పుడు విరేచనం అయింది, ఇంట్లో ఎవరు చూసుకుంటారు, ఏం తింటారు" అని అడిగితే ఇవన్నీ ఎందుకని విసుక్కోకండి. ఇంటి దగ్గర మామూలుగా ఎలా ఉంటారో మీకే తెలుసు. మీరు చెబితేనే ఇప్పుడు ఏం మారిందో ఆవిడకు తెలుస్తుంది.

సిస్టర్లకు, పిల్లలకు చెప్పేది ఒక్కటే. రేపటి డ్యూటీలో మీ రోగుల్లో ఒక్కరిని ఎంచుకోండి. ఆ మనిషికి మీరు చూసిన ఒక్క సమస్య, దాని కారణం, మీరు చేసిన పని కేస్‌షీట్లో రాయండి. తర్వాత మళ్ళీ వెళ్ళి చూసి, ఏమైందో టైముతో సహా దాని కిందే రాయండి. హెడ్ నర్సులు షిఫ్టు మారేటప్పుడు ఆఫీసు రూములో కాకుండా మంచం పక్కన నిలబడి అది చదివించండి. డాక్టరుగార్లూ, రౌండ్స్‌లో దయచేసి ఆ లైను అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే వాళ్ళు రాస్తారు.